రెండిళ్ళ చుట్టం

అడ్డతీగల పోలీసు ఠాణా అనగానే 1922 అక్టోబరు 15 గుర్తుకొస్తుంది. ఆ రోజు అల్లూరి సీతారామరాజు ముందుగా కబురంపి మరీ వచ్చాడు. అంతకుముందు ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు వరసగా లొంగిపోయాయి గదా! అందుకని అడ్డతీగలలో తుపాకులు ముందే దాటించేశారు. వచ్చినవాళ్ళకి ఆయుధాలు దొరకలేదు.

ఇది అందరికీ తెలిసిన కథే. మన్యం ఎందుకు రగిలిందంటే అడవి చట్టాలూ, పోడు మీద ఆంక్షలూ అంటాం. నిజమే. వాటి పక్కనే ఒక కూలి లెక్క కూడా ఉంది.

గూడెంలో డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్. నర్సీపట్నం నుంచి లంబసింగికి వేసే రోడ్డు పనికి కొండవాళ్ళని దింపాడు. రోజుకి ఆరణాలు రావలసినచోట రెండణాలే చేతిలో పెట్టేవారట. ఇదేమిటని అడగాలంటే తాసిల్దారునే అడగాలి. ఆయనేమో కంట్రాక్టరుతో చేయి కలిపినవాడని చరిత్ర రాసినవాళ్ళు అంటారు. ఇక అర్జీ ఎవరికి పెట్టుకోవాలో మీరే చెప్పండి! రెండిళ్ళ చుట్టానికి కూడు దొరకదని సామెత. బాస్టియన్‌కి మాత్రం రెండిళ్ళలోనూ విస్తరి వేశారు.

అదే మన్యంలో గాం గంటం దొర బట్టిపనుకుల మునసబుగా చేసినవాడు. ఉద్యోగమూ, భూమీ పోయాక రాజు పక్షాన చేరాడు. సర్కారు లోగుట్టు తెలిసిన మనిషి ఎదుటి పక్షానికి పోతే దొరలకి కంటగింపే మరి. కానీ అతను ఎవరి మనిషో లోకానికంతా తెలుసు. 1924లో ఆ పోరాటంలోనే ప్రాణం విడిచాడు. సోదరుడు మల్లుదొర అండమాను శిక్ష అనుభవించి వచ్చి, 1952లో తొలి లోక్‌సభకి ఎన్నికయ్యాడు.

ఇవాళ పెద్ద అధికారులు రిటైరయిన ఏడాదిలోగా ప్రైవేటు కంపెనీలో చేరాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. మంచి నియమమే. నిన్నటిదాకా తనిఖీ చేసిన కంపెనీలోనే రేపు జీతం తీసుకుంటే జనానికి అనుమానం రాదూ? అయితే ఆ నియమం గడప దాటేవాళ్ళకే అడ్డం. బాస్టియన్ గడప దాటనే లేదు. కుర్చీలో కూర్చునే రెండో లాభం చూసుకున్నాడు. అలాంటివాణ్ణి పట్టుకోవాలంటే పని చేయించేది ఒకరూ, లెక్క అడిగేది వేరొకరూ కావాలి. గూడెంలో ఆ వేరొకరు లేకపోబట్టే, నాలుగణాల తేడా తుపాకుల దాకా వెళ్ళింది.