తిట్లుగా మారిన పేర్లు

ఛార్లెస్ డికెన్సు 1860-61 సంవత్సరములలో ప్రకటించిన ‘గ్రేట్ ఎక్‌స్పెక్టేషన్స్’ నవలలో ఒక పేకాట ఘట్టము కలదు. కమ్మరి యింట పెరుగుచున్న పిప్ అను బాలుడు ఒక సంపన్నురాలి భవనమునకు పోయి, అచ్చటి ఎస్టెల్లా అను బాలికతో పేకాడును. ఆటలో అతడు రాణి తరువాతి ముక్కను ‘జాక్’ అనును. ఆ పిల్ల వెంటనే ఈసడించుకొనును. గొప్పవారి యిండ్లలో ఆ ముక్క పేరు ‘నేవ్’. ఇంటికి మరలిపోవుచు పిప్ తన మోటుచేతులను, మందపు బూట్లను, నోట వచ్చిన ఆ ‘జాక్’ను తలచుకొని కుమిలిపోవును.

ఎస్టెల్లా అంత గర్వముగా పలికిన ‘నేవ్’ అను మాటకు ఆనాటికే మోసగాడు అని అర్థము. అయితే పుట్టుకలో ఆ మాటకు ఏ దోషమును లేదు. వేయి సంవత్సరముల క్రిందటి ఇంగ్లీషులో ‘క్నఫ’ అనగా బాలుడు, అంతే. దాని చుట్టమైన ‘క్నాబె’ జర్మను భాషలో నేటికిని బాలుడే. ఇంగ్లండులో మాత్రము బాలుడు పనికుర్రవాడైనాడు, పనికుర్రవాడు నమ్మరానివాడైనాడు. ఈ తుది అర్థమును కల్పించినది ఆ కుర్రవాడు కాదని మాత్రము మేము ధైర్యముగా చెప్పగలము.

‘నైట్’ అను బిరుదు కూడ మొదట కుర్రవాని పేరే. ఈ కుర్రవాడు గుఱ్ఱమెక్కి, కత్తి పట్టి ప్రభువు వెంట యుద్ధమునకు పోయినాడు గనుక వీరుడైనాడు, గౌరవనీయుడైనాడు. జర్మను భాషలో దీనికి జోడైన ‘క్నెఖ్ట్’ పాలేరుగానే నిలిచిపోయినది.

ఇక ప్రభువు మాట. ‘లార్డ్’ అను పదము పూర్వము ‘హ్లాఫ్‌వెయార్డ్’. హ్లాఫ్ అనగా రొట్టె. రెండవ భాగమునకు కాచువాడని అర్థము. రొట్టెను కాచువాడు ప్రభువు. ‘లేడీ’ అను పదమునకు మూలార్థము రొట్టెపిండి పిసుకునామె. నేడు ఆ బిరుదు ధరించువారిలో ఎందరి చేతులకు పిండి అంటునో మేము విచారింపబోము. ఆ రొట్టె తిని బ్రతుకు సేవకునకు ‘హ్లాఫేత’, అనగా రొట్టె తినువాడు, అని పేరు. ఈ మాట క్రీ. శ. 600 ప్రాంతమున కెంట్ నేలిన ఏథెల్‌బెర్ట్ రాజు శాసనములలో కనబడుచున్నది. ఒక సామాన్య రైతు పోషించు రొట్టె తినువానిని ఎవడేని చంపినచో ఆరు షిల్లింగులు అపరాధము చెల్లింపవలెనట. ఆ కాలమున సామాన్య రైతు కూడ పదిమందికి అన్నము పెట్టు గృహస్థే అని దీనివలన తెలియుచున్నది.

ఆ రైతు పేరు ‘చెయోర్ల్’. స్వతంత్రుడు, కాని అతని ప్రాణమునకు కట్టిన వెల రెండు వందల షిల్లింగులు కాగా కులీనునిది పండ్రెండు వందలు. ఈ పేరే తరువాత ‘చర్ల్’ అయి, మర్యాద తెలియని పిసినారి అను తిట్టుగా మిగిలినది. దాని సోదరపదమే చార్లెస్ అను పేరు. షార్లమేన్ చక్రవర్తి ఆ పేరు ధరించుటచే చెక్ మున్నగు స్లావు భాషలలో అది ఏకముగా రాజు అను అర్థమునే పొందినది. ఇంటిపట్టున తిట్టు, పొరుగుదేశమున కిరీటము!

మన చలనచిత్రములు చూచు పిల్లలకు ‘విలన్’ ఎవడో చెప్పనక్కరలేదు. లాటినులో ‘విల్లా’ అనగా పొలములతో కూడిన పల్లెటింటి వసతి. ఆ పొలములలో పాటుపడువాడు ‘విల్లానుస్’. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిరి. విలియం రాజు దేశమందలి భూములను, నాగళ్ళను లెక్కింపించి 1086లో వ్రాయించిన డూమ్స్‌డే గ్రంథమున ఇట్టివారు లక్షకు పైబడి యున్నారు. లెక్కకెక్కిన జనములో సుమారు అయిదింట రెండు పాళ్ళు వారే. దేశమునకు రొట్టె పండించిన వీరి పేరు ఫ్రెంచి మాటలాడు ప్రభువుల నోట నలిగి మొదట మోటువాడని, పిదప నీచుడని, తుదకు నాటకములలో కుట్రలు పన్నువాడని అర్థము మార్చుకొన్నది. చరిత్రకారులు పాపమా రైతును దుర్మార్గుని నుండి వేరుచేయుటకు అతని పేరులో ఒక అక్షరము మార్చి వ్రాయుచున్నారు.

స్థితిని తెలుపు పదములు ఇట్లు గుణమును తెలుపు పదములుగా మారుటను సి. ఎస్. లూయిస్ 1960లో వెలువడిన తన పదచర్చా గ్రంథమున చక్కగా వివరించెను. ఒక్క ఇంగ్లీషువారినే అననేల? నగరమున నుండువాడు మనకు నాగరికుడు. గ్రామమునకు సంబంధించినది గ్రామ్యము. ఆ గ్రామ్యము ఆలంకారికులకు ఒక కావ్యదోషము. 1858లో బాలవ్యాకరణము రచించిన చిన్నయసూరి లక్షణమునకు లొంగని భాషకు పెట్టిన పేరును అదే. లేఖిని ఎవరి చేతిలో నున్నదో పదముల అర్థము కూడ వారి చేతిలోనే యుండెను.

పేకముక్కల తగవు మాత్రము వేరొక విధముగా తీరినది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ముక్కల మూలలందు అక్షరములు అచ్చువేయుట అలవాటైనది. ఇంగ్లీషు వ్రాతలో ‘కింగ్’, ‘నేవ్’ రెండును ‘కే’ అక్షరముతోనే ఆరంభమగును గనుక రాజెవడో కుర్రవాడెవడో ఆటగాండ్రకు తెలియక చిక్కుపడిరి. అందుచే ముద్రాపకులు ‘జే’ అక్షరమును ఎన్నుకొనిరి. శ్రోతల యిండ్లలోని పేకకట్టలందు నేటికిని నున్నది ఎస్టెల్లా పలికిన మాట కాదు. కమ్మరియింటి పిల్లవాడు పలికినదే.