షోలాపురం నేతపేటలకు తెలుగు వచ్చిన దారులు

నిజాము రాజ్యంలోని కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతాలనుండి మన పద్మశాలీలు మొదట మగ్గం పనికి, 1870 దశకంలో నూలుమిల్లు వెలసిన పిమ్మట మిల్లు పనికి షోలాపురం తరలివచ్చిన సంగతి అందరూ ఎరిగినదే. వచ్చినవారు మార్కండేయస్వామికి గుడి కట్టుకొన్నారు, బడులు పెట్టుకొన్నారు. మరి వెంట తెచ్చుకొన్న భాష ఇంతకాలం ఇంట నిలవడానికి ఏది ఆధారమైనది? బడి అని వెంటనే చెప్పబుద్ధి పుడుతుంది. నా అభిప్రాయం వేరు. మరాఠీ బడిలో చదివి, తెలుగు అక్షరం కూడబలుక్కోలేనివారు సైతం మన పేటలలో ఇంట తెలుగే మాట్లాడుతున్నారు. ఇక్కడ తెలుగు కంటిలోకంటె చెవిలో ఎక్కువగా నిలిచినది. కనుక ఆ చెవికి తెలుగు ఏ యే దారులవెంట వచ్చినదో వ్రాసిపెట్టడమూ చరిత్రే.

మగ్గం దగ్గర ఏమీ వినపడదు. పవర్‌లూము చప్పుడులో పక్కవాని మాట కేక వేస్తేగాని అందదు. బీడీలు చుట్టే స్త్రీ సంగతి అట్లా కాదు. ఒడిలో చేట పెట్టుకొని, ఆకు కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారం కట్టేవరకు ఆమె చేతులకూ చూపుకూ తీరిక లేదు. చెవులు మాత్రం ఖాళీ. వెయ్యి బీడీలు పూర్తయ్యేవరకు ఆమెకు తోడు వినికిడే. మన ఇండ్లలో తెలుగు వినిపించే యంత్రానికి మొదటి పోషకురాలు ఆమె అనడం తప్పు కాదు.

మొదటి దారి రేడియో. హైదరాబాదులో 1935లో నెలకొన్న నిజాము రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసినది. మీడియం వేవ్ ప్రసారం పగటికంటె రాత్రి దూరం పోతుంది. అందుచేత మూడువందల కిలోమీటర్ల అవతలి తెలుగు మనకు రాత్రిపూటే అంతో ఇంతో స్పష్టంగా అందేది. ఇక సిలోను కేంద్రంనుండి మీనాక్షి పొన్నుదురై గారు తెలుగు పాటలు వినిపించిన రోజులు తలచుకొంటే ఆ తరంవారి ముఖాలు ఇప్పటికీ వికసిస్తాయి. సముద్రం దాటి వచ్చిన తెలుగు, గరగరమంటూ వచ్చినా తీయనే!

దూరదర్శన్ వచ్చినప్పుడు మనకు దక్కినది తక్కువ. బొంబాయి కేంద్రం 1972లో, హైదరాబాదు కేంద్రం 1977లో వెలిసినవి. ఆ హైదరాబాదు బొమ్మ మన యాంటెనాకు అందేది కాదు. 1987లో రామాయణం మొదలైనప్పుడు పేటంతా ఆదివారం ఉదయం టీవీముందు కూర్చున్నది, అయితే విన్నది హిందీ. ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషాచిత్రాలు వేసేవారు. అందులో తెలుగు వంతు కోసం వారాలకు వారాలు కాచుకోవలసివచ్చేది.

కేబులు కథ మాత్రం కొంచెం నిదానంగా చెప్పుకోదగినది. తొలినాళ్లలో కేబులు ఆపరేటరు తన గదిలో కేసెట్టు పెట్టి, ఆ బొమ్మను తీగమీద ఇంటింటికీ పంపేవాడు. 1995లో జెమిని, ఈటీవీ ఉపగ్రహంనుండి దిగినవి. అప్పటి కేబులు తీగలో పట్టే చానళ్లకు పరిమితి ఉండేది, ఏది పెట్టాలో ఏది తీయాలో ఆపరేటరు ఇష్టం. ఆ ఇష్టానికి చందా కట్టే ఇండ్లే కళ్లెం. తెలుగువారు గుంపుగా ఉన్న వీధిలో తెలుగు చానలు తీసివేసి నిలవగలవాడెవడు? ఒకే పేటలో కలిసి ఉండడంవలన మనకు గుడి, బడి వచ్చినట్లే ఈటీవీ కూడ వచ్చినది. ఊరి మరొక మూలకు మారిన తెలుగు కుటుంబానికి ఆ భాగ్యం ఉండేది కాదు.

2013లో షోలాపురంలో కూడ డిజిటలు పెట్టెలు తప్పనిసరి చేశారు. చానళ్ల ఎంపిక వీధి గదిలోనుండి దూరపు కార్యాలయానికి పోయినది. 2019 ఫిబ్రవరినుండి ఏ చానలు కావలసినవారు దాని ధర కట్టుకోవాలన్నారు. అప్పట్లో మూల రుసుము 130 రూపాయలు, పన్ను వేరు. మహారాష్ట్రలో ఉన్నవానికి ముందు చూపే కట్ట మరాఠీ, హిందీ చానళ్లదే, తెలుగు అదనం. ఇంట్లో మూడు భాషలు నడిచే మనబోటివారికి ఆ అదనం బరువే.

బ్రాడ్‌బ్యాండు ఈ సందులోనుండే లోపలికి వచ్చినది. 2004 విధానంలో సెకనుకు 256 కిలోబిట్లు ఉంటే చాలు, దానిని బ్రాడ్‌బ్యాండు అన్నారు. దానితో సినిమా చూడడం కల్ల. అదీగాక టెలిఫోను తీగ ఉన్న ఇల్లు మన పేటలలో ఎన్ని? 2016 సెప్టెంబరులో జియో వచ్చి సెల్‌ఫోనులో ఇంటర్నెట్టు చవక అయినది. పిదప కేబులు పాకిన స్తంభాలమీదనే గాజునార తీగలు పాకినవి. కేబులు చందా వసూలు చేసినవారిలో కొందరు ఇప్పుడు ఇంటర్నెట్టు చందా వసూలు చేస్తున్నారు. 2020 మార్చిలో మగ్గాలు ఆగి, బడులు మూతపడినప్పుడు పిల్లల చదువుకోసం తెచ్చిన ఫోనే తరువాత ఇంటి టీవీ అయినది.

మేలు స్పష్టమే. తెలుగు వినడానికి ఇప్పుడు గుంపుగా ఉండనక్కరలేదు, ఆపరేటరును బతిమాలనక్కరలేదు. కాని ఒకే టీవీ ఉన్నప్పుడు అవ్వ పెట్టిన తెలుగు సీరియలు మనుమడి చెవిలో కూడ పడేది, వాడు వద్దనుకొన్నా సరే. ఇప్పుడు ఎవరి ఫోను వారిది. మనుమడు హిందీ హాస్యం, కోడలు మరాఠీ వంటకం, అవ్వ తెలుగు భజన. ఒకే గదిలో మూడు ఊళ్లు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. రేడియోగాని కేబులుగాని మనకు వినిపించినది మన తెలుగు కాదు. గిర్ని, చాళ్ వంటి మరాఠీ మాటలు కలిసిన ఈ నేతపేట తెలుగు ఏ కేంద్రంలోనూ పలకలేదు. ఆ తీగలు పైనుండి కిందికే పారేవి. బ్రాడ్‌బ్యాండు తీగ రెండు వైపులా పారుతుంది. షోలాపురం దుప్పటి జెకార్డు అట్టలో చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఇంటర్నెట్టు లెక్క కూడ ఆ ఉన్నది, లేనిదే. ఆ అట్ట మన చేతిలోకి వచ్చినట్లయినది. పేట యువకులు తమ మాటతీరులోనే చిన్న చిత్రాలు తీసి పెడితే, ఊరు విడిచి పూనాలో, భీవండిలో ఉన్నవారు విని గుర్తుపడతారు.

2017 ఆగస్టునుండి గూగుల్‌లో తెలుగున నోటితో అడిగి వెదకవచ్చు. అక్షరం రాని అవ్వకు ఇది వరం. బీడీల చేట పక్కన ఫోను పెట్టుకొని ఆమె పాట పేరు అడుగుతుంది. యంత్రం ఆమె యాస పోల్చుకోలేక వేరేదో తెస్తుంది. ఆమె విసుక్కోదు. చేతిలో దారం ముడివేసి, గొంతు సవరించుకొని, అదే మాటను ఈసారి ఈటీవీలో విన్నట్లు పలుకుతుంది.