రెండు హొసూర్లు, ఒక పేర్ల పుస్తకం

ఈసారి పాళెగాళ్ల కథ కాదు, శాసనాల కథ కాదు. ఇంట్లో ఓ మూల మినుకుమినుకుమనే రౌటర్ పెట్టె వెనకున్న చరిత్ర. "లైట్లన్నీ వెలుగుతున్నాయి, నెట్ మాత్రం రావట్లేదు" అనే మాట మనలో ఎవరో ఒకరి ఇంట్లో వినపడుతూనే ఉంటుంది. చాలాసార్లు అక్కడ తెగింది లైను కాదు. పేరు చెబితే చిరునామా చెప్పేవాడు పలకడం లేదు, అంతే.

హొసూరు అంటే ఏ హొసూరు? కృష్ణగిరి జిల్లాలోదా, గౌరిబిదనూరు తాలూకాలోదా? రెండోది బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన హెచ్. నరసింహయ్యగారు పుట్టిన ఊరు. పక్కన తాలూకా పేరు రాయకపోతే ఉత్తరం ఎటో పోతుంది. కంప్యూటర్లకూ సరిగ్గా ఈ చిక్కే వచ్చింది.

కంప్యూటరుకు కంప్యూటరు చేరేది అంకెల చిరునామాతో. పేర్లు మన సౌకర్యానికి. 1970లలో అమెరికాలోని ఆర్పానెట్‌లో ఏ పేరుకు ఏ అంకె అన్నది ఒకే ఒక్క ఫైల్లో ఉండేది. దాని పేరు హోస్ట్స్. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ నడిపిన కార్యాలయం దాన్ని చూసుకునేది. మన శానుభోగుల దఫ్తరం అనుకోండి. కొత్త కంప్యూటర్ పెట్టినవాళ్లు అక్కడికి కబురుపెట్టి పేరు ఎక్కించుకోవాలి, తక్కినవాళ్లందరూ ఆ ఫైలు మళ్లీ దించుకోవాలి. ఒకరు తీసుకున్న పేరు ఇంకొకరికి లేదు. అంటే లోకం మొత్తానికి హొసూరు ఒక్కటే ఉండాలి. కంప్యూటర్లు వందల్లోకి పెరిగేసరికి దఫ్తరం చేతులెత్తేసింది.

1983 నవంబరులో పాల్ మోకపెట్రిస్ దీనికి దారి చూపించాడు. అదే డీఎన్ఎస్. ఒక్క శానుభోగుడు అందరి లెక్కా రాయనక్కర్లేదు, ఎవరి తాలూకా లెక్క వాళ్లే రాసుకోవాలి. పైవాడికి తెలియాల్సింది కిందివాడు ఎక్కడున్నాడన్నదే. సైట్ పేరు చివర 'ఇన్' అని ఉంటే, ముందు అన్నిటికంటే పైనున్న సర్వర్లను అడుగుతారు. వాళ్లు 'ఇన్' లెక్క చూసేవాళ్లను చూపిస్తారు. వాళ్లు ఆ సైట్ వాళ్లను చూపిస్తారు. గౌరిబిదనూరులో ఒక హొసూరు, కృష్ణగిరిలో ఒక హొసూరు, గొడవ లేదు.

ప్రతిసారీ పైదాకా పోయి అడగడం దండగ. అందుకని విన్న జవాబును కొంతసేపు గుర్తుపెట్టుకోవచ్చు, ఎంతసేపో జవాబులోనే సెకన్లలో రాసి ఉంటుంది. 86,400 అని ఉంటే ఒక రోజు. ఇది మనకు తెలియనిదేం కాదు. 2025 జూలై 2న నంది కొండ మీద కూర్చున్న కర్ణాటక మంత్రివర్గం బాగేపల్లిని భాగ్యనగర చేయాలని నిర్ణయించింది. (పల్లి పోగొట్టుకోవడం నాకు రుచించలేదు, అది వేరే వ్యాసం.) పేరు మార్చాలన్నంత మాత్రాన బస్సు బోర్డులు, రేషన్ కార్డులు, ముసలివాళ్ల నోళ్లు ఆ రోజే మారతాయా? పిన్‌కోడు 561207 మాత్రం కదలదు. ఇంటి నెట్‌లో దీనికి తిరగేసిన కథ జరుగుతుంది: పేరు అదే, అంకె మారింది, మన కంప్యూటర్ పాత అంకెనే పట్టుకుని కూర్చుంది.

మరి ఇంట్లో ఏం చూడాలి? మొదట మీ కంప్యూటర్లో పింగ్ కొట్టి పక్కన 8.8.8.8 అని రాయండి. ఇది గూగుల్ 2009లో అందరికీ తెరిచిన నేమ్ సర్వర్ చిరునామా. జవాబు వచ్చి, సైట్ పేరు రాస్తే మాత్రం రాకపోతే లైను బాగానే ఉందని, జబ్బు పేర్ల దగ్గరని తేలినట్టే. అదే ఇంట్లో ఫోన్‌ను వైఫైకి కలిపి చూడండి. ఫోన్లో వస్తుంటే తప్పు ఆ ఒక్క కంప్యూటర్‌ది. మామూలుగా "పేర్లు ఫలానావాడిని అడుగు" అని రౌటరే ప్రతి పరికరానికి చెబుతుంది. కానీ ఆఫీసు కోసం ఎవరో ల్యాప్‌టాప్‌లో చేత్తో ఒక అంకె ఎక్కించి ఉంటారు. ఆ సర్వర్ ఆఫీసు గోడ దాటి పలకదు. ఆ సెట్టింగును 'ఆటోమేటిక్'కి తిప్పితే చాలు. పాత జ్ఞాపకం చెరపడానికి విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ అని రాసి, ఖాళీ వదిలి, గీత పెట్టి ఫ్లష్‌డీఎన్ఎస్ అని కొట్టాలి (ఇంగ్లీషు అక్షరాల్లోనే). అప్పటికీ మొండికేస్తే ఫైన్లర్ గారి కాలం నాటి ఆ హోస్ట్స్ ఫైలును తెరిచి చూడండి. అది ఇప్పటికీ ప్రతి కంప్యూటర్లో ఉంది! అందులో ఏదైనా రాసి ఉంటే బయట సర్వర్లను అడగకుండా దాన్నే నమ్ముతుంది.

ఫోన్లోనూ రాకపోతే రౌటర్ లోపల చూడాలి. ఇక్కడ అశ్రద్ధ పనికిరాదు. డీఎన్ఎస్ ఛేంజర్ అనే దొంగ ప్రోగ్రామ్ 2007 నుంచి 2011 దాకా వందకు పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్ల నేమ్ సర్వర్ అంకెను మార్చేసింది. పాస్‌వర్డ్ మార్చని ఇంటి రౌటర్లనూ వదల్లేదు. మీరు అడిగేది సరైన పేరే, జవాబు చెప్పేది మాత్రం దొంగ. 2011 నవంబరులో ఎస్తోనియాలో ఆరుగురిని పట్టుకున్నారు. కానీ ఆ సర్వర్లను ఒక్కసారిగా ఆపితే లక్షల ఇళ్లలో నెట్ పోతుంది. అందుకని కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి 2012 జూలై 9 దాకా నడిపారు. మీ రౌటర్ పాస్‌వర్డ్ కొన్ననాటిదే ఉంటే ఈ రోజే మార్చండి. మీకు నెట్ ఇచ్చినవాళ్లది కాని, మీరు పెట్టని అంకె అక్కడ కనిపిస్తే తీసేయండి.

చివరగా ఒక మాట, చింతామణి, బాగేపల్లి వాళ్లకు నచ్చేది. 2011లో 'భారత్' అనే చివరి పేరు ఏడు భాషల్లో మంజూరైంది, తెలుగు అందులో ఒకటి. కన్నడ తర్వాతి విడతలో వచ్చింది. మన రెండు లిపులూ అక్కచెల్లెళ్లు కదా, ర, ల లాంటివి చూడ్డానికి ఒకటే. మనం బోర్డు చూసి రెండూ చదివేస్తాం, కంప్యూటరుకు మాత్రం తెలుగు ర 3120, కన్నడ ర 3248. ఒకే రూపంతో రెండు పేర్లు ఉంటే దొంగకు పండగ. అందుకే 2019లో వచ్చిన అంతర్జాతీయ నియమాల్లో ఇలాంటి తెలుగు, కన్నడ అక్షరాలను జంటలుగా కట్టారు. సైట్ పేరులో చివర వచ్చే మాటగా ఒక లిపిలో ఒకరికి ఇస్తే, అచ్చం అలాగే కనిపించే రెండో లిపి పేరు ఇంకొకరికి ఇవ్వరు.