ఆప్టమర్ల చరిత్ర: కంటి నుంచి మెదడుకు

1990 ఆగస్టులో అమెరికాలోని రెండు ప్రయోగశాలలు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఒకే ఉపాయాన్ని ప్రకటించాయి. కొలరాడో విశ్వవిద్యాలయంలో క్రెయిగ్ టర్క్, లారీ గోల్డ్ ఒక ఆర్‌ఎన్‌ఏ ముక్కలో ఎనిమిది స్థానాలను యాదృచ్ఛికంగా మార్చారు. అలా ఏర్పడగల 65,536 రూపాలలో ఒక వైరస్ ఎంజైమును గట్టిగా పట్టుకునేవాటిని ఏరారు. ఈ పద్ధతికి వారు సెలెక్స్ అని పేరు పెట్టారు. బోస్టన్‌లోని మాసచూసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఆండ్రూ ఎల్లింగ్టన్, జాక్ షొస్టాక్ యాదృచ్ఛికమైన ఆర్‌ఎన్‌ఏ రాశిలో దాదాపు వెయ్యి కోట్లకు ఒక అణువు ఒక రంగు పదార్థాన్ని పట్టుకోగలదని చూపారు. అటువంటి అణువులకు ఆప్టమర్లని పేరు పెట్టింది వీరే. లాటిన్‌లో ‘ఆప్టస్’ అంటే ఇమిడేది, గ్రీకులో ‘మెరోస్’ అంటే భాగం.

ఈ పద్ధతి ధాన్యాన్ని చేటతో చెరగడం వంటిది. లక్ష్యాన్ని అంటుకోని అణువులను కడిగివేస్తారు. మిగిలినవాటికి నకళ్ళు పెంచి మళ్ళీ చెరుగుతారు. చివరకు మిగిలేవి యాంటీబాడీల వలె పనిచేస్తాయి, కాని వాటి తయారీకి జంతువులు గాని జీవకణాలు గాని అక్కరలేదు. అయితే రక్తంలోని ఎంజైములు వీటిని నిమిషాలలో తుంచివేస్తాయి, మూత్రపిండాలు వడగట్టివేస్తాయి. అందుకే వీటిలోని చక్కెర భాగాలను రసాయనికంగా మార్చి, పాలీఎథిలీన్ గ్లైకాల్ గొలుసును తగిలించవలసి వచ్చింది.

ఇలా తయారైన పెగాప్టనిబ్‌కు 2004 డిసెంబరులో ఎఫ్‌డిఎ అనుమతి లభించింది. 28 న్యూక్లియోటైడ్ల ఈ ఆర్‌ఎన్‌ఏ, వయసుతో వచ్చే మాక్యులా క్షీణతలో కొత్త రక్తనాళాలను మొలిపించే ప్రొటీను తాలూకు ఒక రూపాన్ని అడ్డుకుంటుంది. ఏడాది పరీక్షలో దృష్టి బాగా దిగజారకుండా నిలిచినవారు మందు పొందినవారిలో 70 శాతం, పొందనివారిలో 55 శాతం. కాని 2006లో వచ్చిన రానిబిజుమాబ్ అనే యాంటీబాడీ ముక్క ఆ ప్రొటీను రూపాలన్నింటినీ పట్టుకుని, పలువురి చూపును మెరుగుపరిచింది కూడా. పెగాప్టనిబ్ వెనుకబడింది. 2023 ఆగస్టులో అనుమతి పొందిన రెండవ ఆప్టమర్, అవాసిన్‌కాప్టాడ్ పెగాల్, కూడా కంటిమందే.

ఇది కాకతాళీయం కాదు. పిండదశలో మెదడు నుంచే మొలిచే రెటీనా నాడీవ్యవస్థలో భాగం. అయినా సూదితో మందును నేరుగా కంటిలోకి ఎక్కించవచ్చు. మెదడుకు అంత సులువైన దారి లేదు. రక్తానికీ మెదడుకూ నడుమ నున్న అవరోధం పెద్ద అణువులను రానివ్వదు. 2012లో మేయో క్లినిక్ పరిశోధకులు, మైలిన్‌ను పట్టుకునే 40 న్యూక్లియోటైడ్ల డీఎన్‌ఏ ఆప్టమర్‌తో, మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పోలిన వ్యాధి గల ఎలుకలలో నాడీతంతువుల పొర తిరిగి ఏర్పడటం చూపారు. ఎలుకలో కనిపించిన ఆ ఫలితం రోగికి మందుగా ఇంకా మారలేదు.

రోగనిర్ధారణకు ఈ అడ్డంకి తక్కువ, ఎందుకంటే అక్కడ ఆప్టమర్ శరీరంలోకి పోనక్కరలేదు. గోల్డ్ 2000లో స్థాపించిన సోమాలాజిక్ పద్ధతి కొద్దిపాటి రక్తంలోనో వెన్నుద్రవంలోనో వేల ప్రొటీన్లను కొలుస్తుంది; అల్జైమర్స్ పరిశోధనలో దీని వాడుక విస్తృతం. కాని వేల ప్రొటీన్లను కొలవడం వేరు, ఒక రోగికి వ్యాధి ఉన్నదని చెప్పడం వేరు. అల్జైమర్స్ నిర్ధారణకు తోడ్పడే రక్తపరీక్షగా 2025 మేలో ఎఫ్‌డిఎ తొలిసారి అనుమతించినది యాంటీబాడీలపై ఆధారపడినదే.

పట్టుకోగల అణువును ఏరే సమస్య 1990లోనే తీరింది. దానిని మెదడుకు చేర్చే సమస్య మిగిలే ఉంది. ‘మెదడు జబ్బులకు ఆప్టమర్ చికిత్స’ అన్న వార్త చదివే కుటుంబం ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటే: అది అక్కడికి ఎలా చేరింది, ఎలుకలోనా, మనిషిలోనా?