సుమేరు శబ్దము - జపాను ఉద్యానవిద్య

హైదరాబాదునకు పశ్చిమమున చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములయందు నేడు నగరవాసుల తోటలును విహారగృహములును వెలసియున్నవి. ముడిమ్యాల గ్రామ మా ప్రాంతములోనిదే. అట్టిచోట జపాను పద్ధతిని ఉద్యానము రచింపగోరువారు తొలుత నా పద్ధతి చరిత్రము నెఱుగవలెను.

క్రీ. శ. 720లో ముగిసిన 'నిహోన్ షోకి' యను చరిత్రగ్రంథమున 612వ సంవత్సరము క్రింద నొక వృత్తాంతము గలదు. కొరియాలోని పేక్చె రాజ్యమునుండి మేన తెల్లమచ్చలు గల యొక పురుషుడు వచ్చెను. జనులు రోసి వానిని సముద్రద్వీపమున విడువబూనిరి. మచ్చలుగల పశువులను మీరు పెంచుట లేదా యని యతడు ప్రశ్నించి, కొండల యాకృతులను నిర్మించు విద్య తనకు గలదని విన్నవించెను. అంతట సుయికో మహారాజ్ఞి ప్రాసాదము దక్షిణప్రాంగణమున వానిచే నొక పర్వతాకృతియు నొక వంతెనయు గట్టింపబడెను. ఆ పర్వతము 'శుమిసెన్'. 'శుమి' సుమేరు శబ్దమునకు చీనామార్గమున వచ్చిన వికృతి. 'సెన్' అనగా పర్వతము.

దీనింబట్టి యా విద్య యంతయు భారతీయమే యనుట తొందరపాటు. ధ్యానశబ్దము చీనాలో 'చాన్', జపానులో 'జెన్' అయ్యెను. ఆ సంప్రదాయమువారు తమ గురుపరంపరలో నాగార్జునాచార్యుని పదునాల్గవవానిగా గణింతురు. అయినను శబ్దము వెంట నర్థము యథాతథముగా బోదు. శిలోద్యానమును జపాను శిల్పులు తమ నేలను, తమ కొండలను జూచి తీర్చుకొనిరి.

పదునొకండవ శతాబ్దమున తచిబానా నో తొషిత్సునా రచించెనని చెప్పబడు 'సకుతెయికి'లో ఉద్యానరచన శిలాస్థాపనముతో నారంభమగును. ప్రధానశిలను మొదట నిలిపి, అది కోరినట్లు తక్కినవానిని నిలుపవలెనని యందలి విధి. క్రియాపదము కారకముల నాకాంక్షించుటవంటిదే యిది. క్యోటోలోని ర్యోఆన్‌జీ యందు తెల్లని గులకఱాళ్ల నడుమ 15 శిలలు గలవు. అరుగుపై గూర్చుండి చూచువానికి ఏ చోటినుండియు నన్నియు నొక్కసారి కానరావు. కానరానిదానిని చూచువాడు మనస్సున అధ్యాహారము చేసికొనవలెను. 'షక్కెయి' యనగా ఎరవు దెచ్చుకొన్న దృశ్యము: ఎన్‌త్సూజీ తోట దూరముననున్న హియే పర్వతమును తనలోనిదిగా జేసికొన్నది.

కావున ఱాతిదీపమును, ఎఱ్ఱని వంతెనను నిలిపి జపాను ఉద్యానమని పేరిడుట రూపానుకరణమాత్రము. ఉన్న బండను బ్రద్దలుగొట్టి, నేలను చదునుచేసి, పరదేశశిలలను దెచ్చినవాడు ఆ విద్యను విడిచినవాడే యగును. ముడిమ్యాలలో తోట వేయువాడు మొదట విచారింపవలసినవి అక్కడి ఱాయి, అక్కడినుండి కానవచ్చు దిగంతము, అక్కడ వాననీరు పాఱు త్రోవ.