ఊరొకటి, హైకోర్టులు మూడు

బరంపురము ఉన్నచోటనే యున్నది, కదలినవి హద్దులు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు గంజాము జిల్లాలో అధికభాగము చెన్నరాజధానిలోనిది. అచ్చటి సెషన్సు జడ్జి ఉరిశిక్ష విధించినచో, చెన్నపట్టణపు హైకోర్టు దానిని ఖాయపరచినగాని అమలు జరుగదు. ఆ తేదీనుండి అట్టి కాగితములు పాట్నాకు పోవలసి వచ్చెను. 1948 జూలై 26వ తేదీన కటకములో హైకోర్టు వెలసిన పిమ్మట అచ్చటికి. పండ్రెండేండ్లలో ఒకే యూరివారికి మూడు హైకోర్టులు! చెన్నపట్టణమునకు తిన్నని రైలుదారి యుండెను. పాట్నా ప్రయాణ మెట్టిదో ముద్దాయి బంధువులకే తెలియవలెను.

అయినను చట్టము మారలేదు. 1860 నాటి శిక్షాస్మృతి మూడుచోట్ల నొక్కటియే. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయసంహితయు దేశమంతటికి నొక్కటియే. అమెరికాలో కేంద్రమునకు వేరుగా, రాష్ట్రములకు వేరుగా కోర్టులున్నవి. మనకు మేజిస్ట్రేటు మొదలు సుప్రీంకోర్టు వరకు ఒకే నిచ్చెన. పోలీసులు రాష్ట్రముల వశము; నేరచట్టము ఉమ్మడి జాబితాలోనిది.

1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరులో కలిసినప్పుడును అంతే. చెన్నపట్టణమునకు పోవు అప్పీళ్ళు బెంగుళూరుదారి పట్టెను. నేడు ధారవాడ బెంచికి పోవుచున్నవి. యానాము సంగతి విపరీతము. చుట్టును ఆంధ్రదేశమే, వాడుక తెలుగే. అప్పీలు మాత్రము 1962 నుండి చెన్నపట్టణపు హైకోర్టుకే.

మనబోటివారికి అసలు చిక్కు కోర్టుభాషలో నున్నది. హైకోర్టుకు దిగువ కోర్టుల భాషను రాష్ట్రప్రభుత్వము నిర్ణయింపవచ్చునని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు చెప్పెను. 1973లోను, 2023లోను చేసిన కోడులు దానినే నిలిపినవి. హద్దు జరిగిన, శిక్ష మారకున్నను విచారణభాష మారవచ్చును. మేము ఉద్యోగకాలమంతయు కాగితములకు నకళ్ళు వ్రాసినవారము. ఒక్కమాట తప్పుగా దిగిన నెంత అనర్థమో యెరుగుదుము.

దీనికి మందు ఆ కోడులలోనే కలదు. ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యమిచ్చినప్పుడు, అతడు కోర్టులో నున్నచో, అతనికి తెలిసిన భాషలో బహిరంగముగా దానిని వినిపింపవలెను. మనవారు కొందరు, ఒడియాయో కన్నడమో కొంచెము వచ్చును గదా యని, అడుగుటకు సిగ్గుపడి తల యూపుదురు. బజారులో బేరమునకు చాలిన భాష బోనులో చాలదు. మొదటి వాయిదానాడే వకీలుచేత ఆ మాట చెప్పించి, రికార్డులో నెక్కించుకొనవలెను.