ముంగారి గింజ నుంచి డయాడ్ మొక్క దాకా

మా జేజినాయన కాలంలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చేలల్లో ముంగారి పత్తి వేసేవాళ్లు. దూది తీశాక మిగిలిన గింజల్లో కొన్ని ఎద్దుల దాణాకు పోయేవి, మేలైనవి మరుసటేటి విత్తనానికి ఉండేవి. నూగు అణిగేలా పేడనీళ్లతో రుద్ది, ఆరబెట్టి విత్తేవాళ్లు. విత్తనం కోసం అంగడికి పోయే పని లేదు.

1970లో సూరత్‌లో సి.టి. పటేల్ హెచ్-4 రకాన్ని ఇచ్చారు. ప్రపంచంలో వాణిజ్య సాగుకు వచ్చిన తొలి పత్తి హైబ్రిడ్ అది. హైబ్రిడ్లతో దిగుబడి పెరిగింది, ఏటా విత్తనం కొనడమూ వచ్చింది. పులివెందులలో వృక్షశాస్త్రం చెప్పే నన్ను సేద్యగాళ్లు అడిగేది ఒకటే: "మా చేనిలో పండిన గింజే కదా సార్, మళ్లీ వేస్తే పంట ఎందుకు ఒకతీరుగా రాదు?"

క్షయకరణ విభజన వల్ల. అండకణం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జతకట్టి, ముక్కలు మార్చుకుని, సగమవుతాయి. ఆ కలబోతలో హైబ్రిడ్ పొందిక చెదిరిపోతుంది.

ఈ విభజనను నడిపే ప్రొటీన్లను హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఇమ్రాన్ సిద్దిఖీ బృందం అరబిడాప్సిస్‌లో వెతికింది. ఆవాల కుటుంబపు చిన్న కలుపు మొక్క అది. దాదాపు ఆరు వారాల్లో గింజకు వస్తుంది. 2000లో వాళ్లు వర్ణించిన డయాడ్ మొక్కలో ఆడవైపు విభజన నాలుగు కణాలు ఇవ్వాల్సింది రెండింటితో ఆగేది. మొక్క దాదాపు గొడ్డు. 2002లో ఆ జన్యువును పట్టుకున్నారు. క్షయకరణ విభజనకు క్రోమోజోములను సరిగా అమర్చే ప్రొటీన్ దానిది.

ఆ గొడ్డు మొక్కకు అరుదుగా పట్టే గింజలనూ వాళ్లు వదల్లేదు. తల్లి క్రోమోజోములు సగం కాకుండా, కలగలవకుండా అండకణంలోకి చేరుతున్నాయని 2008లో 'నేచర్'లో చూపించారు. 2011లో ఫ్రాన్స్‌లోని మెర్సియే, కాలిఫోర్నియాలోని సైమన్ చాన్ బృందాలతో కలిసి తండ్రి క్రోమోజోములు రాలిపోయేలా చేశారు. కొన్ని గింజలు అచ్చంగా తల్లి నకళ్లయ్యాయి. 2019లో వెంకటేశన్ సుందరేశన్ బృందం వరిలోనూ ఇలాంటి గింజలు పండించింది.

అలాంటి గింజలో హైబ్రిడ్ పొందిక చెదరదు, ఏటా కొనే పనీ ఉండదు. మా పత్తి రైతు మాత్రం ఇంకా ప్యాకెట్టే కొంటున్నాడు. అందుకే తరగతిలో క్షయకరణ విభజనను బొమ్మలుగా బట్టీ పట్టించడం మానాలి. ఇంట్లో ఏటా పడే విత్తనపు ఖర్చు నుంచే ఆ పాఠం మొదలుపెట్టాలి. అలా చదువుకున్న మా బిడ్డలే పత్తిలో మిగిలిన పనిని నెత్తికెత్తుకుంటారు.